తీరానికి కొట్టుకొచ్చిన తుపాకుల పడవ: 53 రోజులు ఎవరికీ కనపడలేదెందుకు?

2022 ఆగస్టు 18న, దహీ హండీ ఉత్సవానికి సరిగ్గా ముందురోజు, మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లా హరిహరేశ్వర్ తీరానికి దగ్గర్లో మనుషులెవరూ లేని ఒక పడవ స్థానికుల కంటపడింది. పదహారు మీటర్ల పొడవున్న ఆ విహారనౌకను సోదా చేసిన పోలీసులకు మూడు ఏకే-47 తుపాకులు, తూటాలు, కొన్ని కాగితాలు దొరికాయి. అక్కడికి కొంత దూరంలోని భరడ్‌ఖోల్ దగ్గర ఒక లైఫ్‌బోటు విడిగా ఒడ్డుకు చేరింది. కొద్ది గంటల్లోనే రోడ్ల మీద నాకాబందీ మొదలైంది, ముంబైలో అప్రమత్తత ప్రకటించారు, ఉగ్రవాద నిరోధక దళం రంగంలోకి దిగింది, టీవీ తెరల మీద 26/11 మళ్లీ ప్రత్యక్షమైంది.

అదే రోజు అప్పటి ఉప ముఖ్యమంత్రి, హోంమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ శాసనసభలో ఆ పడవ కథ చెప్పారు. దాని పేరు 'లేడీ హాన్'. యజమాని ఆస్ట్రేలియా దేశస్థురాలు. మస్కట్ నుంచి యూరప్‌కు బయలుదేరిన ఆ నౌక ఇంజిన్ జూన్ 26న నడిసముద్రంలో చెడిపోయింది. సహాయం కోసం పంపిన సందేశం అందుకున్న కొరియా యుద్ధనౌక మనుషులను కాపాడి ఒమాన్ అధికారులకు అప్పగించింది గానీ, సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో పడవను లాక్కెళ్లడం సాధ్యం కాలేదు. దాంతో లేడీ హాన్ ఎవరూ లేకుండానే అరేబియా సముద్రాన్ని దాటి కొంకణ తీరానికి చేరింది. ఉగ్రవాద కోణానికి ఆధారాలేవీ కనపడలేదని, అయినా ఏ అవకాశాన్నీ కొట్టిపారేయకుండా దర్యాప్తు సాగుతుందని మంత్రి అన్నారు.

అక్కడితో వార్త ముగిసింది. అయితే ఆ వివరణ మూడు ప్రశ్నలను వదిలివెళ్లింది. ఇంజిన్ పనిచేయని పడవ ఒమాన్ నుంచి మన తీరానికి ఎలా రాగలదు? విహారనౌకలో యుద్ధానికి వాడే తుపాకులు ఎందుకున్నాయి? ఇన్ని రాడార్లు, గస్తీ నౌకలు ఉండగా దాన్ని ఎవరూ ఎందుకు చూడలేదు? మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు తేలికే. మూడోది అంత తేలిక కాదు.

ముందుగా, ఆ భయం ఊరికే పుట్టినది కాదని చెప్పాలి. హరిహరేశ్వర్ ఉన్న శ్రీవర్ధన్ తాలూకాలోనే శేఖాడీ అనే చిన్న రేవు ఉంది. 1993 మార్చి 12న ముంబైలో 257 మంది ప్రాణాలు తీసిన వరుస పేలుళ్లకు వాడిన ఆర్‌డీఎక్స్‌లో కొంత ఆ రేవులోనే దిగింది. పదిహేనేళ్ల తర్వాత 2008 నవంబరులో పదిమంది ఉగ్రవాదులు మళ్లీ సముద్రం మీదుగానే ముంబైకి వచ్చారు. ఆ జ్ఞాపకాలున్న తీరంలో తుపాకులతో పడవ కనిపిస్తే పోలీసులు తాపీగా ఉండాలని ఎవరూ ఆశించరు.

ఇక గాలి సంగతి. మస్కట్ నుంచి హరిహరేశ్వర్‌కు సరళరేఖలో సుమారు 1,600 కిలోమీటర్లు. జూన్ 26 నుంచి ఆగస్టు 18 వరకు 53 రోజులు. పడవను ఎక్కడ వదిలేశారన్న దాన్ని బట్టి ఈ దూరం కొంత మారవచ్చు గానీ, స్థూలంగా చూస్తే అది రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున, అంటే గంటకు సుమారు ఒకటింబావు కిలోమీటరు వేగంతో కదిలింది. మనిషి తీరిగ్గా నడిచే వేగంలో ఇది సగం కూడా కాదు. వదిలేసిన పడవ నీటిపైన ఉన్న భాగాన్ని గాలి నెడుతుంది, నీటి లోపలున్న భాగాన్ని ప్రవాహం లాగుతుంది. ఈ రెంటి కలయికే దాని దారి. చిన్న పడవలు గాలి వేగంలో రెండు నుంచి నాలుగు శాతం వేగంతో కొట్టుకుపోతాయని గాలింపు, రక్షణ చర్యల్లో సాధారణంగా అంచనా వేస్తారు. జూలైలో అరేబియా సముద్రం మీద నైరుతి రుతుపవనాలు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీయడం మామూలే. అందులో మూడు శాతం ఎంతో లెక్కగడితే గంటకు 1.2 కిలోమీటర్లు వస్తుంది. ఎవరో నడిపించి తీసుకొచ్చారని ఊహించనక్కర్లేకుండానే లెక్క సరిపోతోంది.

దిక్కు కూడా సరిపోతుంది. వేసవి రుతుపవన కాలంలో సోమాలియా వైపు నుంచి బయలుదేరే బలమైన గాలి అరేబియా సముద్రం మీదుగా ఈశాన్యానికి, మన తీరం దగ్గరికి వచ్చేసరికి దాదాపు తూర్పుకు వీస్తుంది. అంటే జూన్, జూలై నెలల్లో ఒమాన్ దగ్గర పట్టు తప్పి తేలిపోయే ఏ వస్తువైనా గుజరాత్‌కో కొంకణానికో చేరే అవకాశం ఎక్కువ. ఇది ఊహ కాదు, అంతకు పదకొండేళ్ల ముందే జరిగింది. 2011 జూన్ చివర్లో ఇంజిన్ గదిలోకి నీళ్లు రావడంతో 'పవిత్' అనే నౌకను సిబ్బంది ఒమాన్ సమీపంలో వదిలేశారు. వారిని బ్రిటిష్ నౌకాదళం కాపాడింది. మునిగిపోయిందనుకున్న ఆ వెయ్యి టన్నుల ఓడ నెల రోజులు తేలుతూ వచ్చి జూలై 31న ముంబై జుహూ బీచ్ ఇసుకలో కూరుకుపోయింది. అదే ఏడాది జూన్‌లో, విడగొట్టడానికి అలంగ్‌కు లాక్కెళుతున్న 'విజ్డమ్' అనే నౌక తాడు తెగి అదే బీచ్‌కు చేరింది. లేడీ హాన్ వచ్చినప్పుడు పవిత్‌ను గుర్తు చేసుకున్నవాళ్లు ఎంతమందో గానీ, కసబ్‌ను గుర్తు చేసుకున్నవాళ్లు మాత్రం చాలామంది.

బంగాళాఖాతంలో గాలి క్యాలెండర్ వేరు. ఆంధ్ర తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. వాటి మధ్యలో తుపానులు తమ ఇష్టం వచ్చినట్లు కలగజేసుకుంటాయి. 2022 మేలో అసని తుపాను అండమాన్ వైపు నుంచి మన తీరానికి వస్తున్నప్పుడు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకు బంగారు రంగు మందిరం ఒకటి కొట్టుకొచ్చిన సంగతి తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఆగ్నేయాసియా బౌద్ధ నిర్మాణ శైలిలో ఉన్న ఆ తేలే రథాన్ని మత్స్యకారులు తాళ్లు కట్టి ఒడ్డుకు లాగారు. చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. పోలీసులు ఇంటెలిజెన్స్ విభాగానికి సమాచారమిచ్చారు. అందులో తుపాకులు లేవు కాబట్టి అది వింతగా మిగిలింది. తేలివచ్చిన తీరులో మాత్రం దానికీ లేడీ హాన్‌కూ తేడా లేదు.

గాలే ఒడ్డుకు చేర్చే పడవలు ఒక్కోసారి ఎంత విషాదాన్ని మోసుకొస్తాయో జపాన్ పశ్చిమ తీరం చూసింది. ఉత్తర కొరియా నుంచి స్క్విడ్ వేటకు బయలుదేరిన చెక్క పడవలు, ఇంజిన్లు ఆగిపోయి, శీతకాలపు వాయవ్య గాలులకు అక్కడి ఒడ్డుకు చేరుతుంటాయి. 2017 ఒక్క ఏడాదిలోనే 104 పడవలను లెక్కించారు. ఆ నవంబరులో ఓగా దగ్గర దొరికిన ఒక పడవలో ఎనిమిది మృతదేహాలున్నాయి. గూఢచారుల గురించిన అనుమానాలు అక్కడా వచ్చాయి. చాలా పడవల్లో కనిపించింది మాత్రం వలలు, గేలాలు, చాలని ఇంధనంతో చాలా దూరం వెళ్లిన బీదవాళ్ల ఆనవాళ్లు.

తుపాకుల విషయానికి వద్దాం. మస్కట్ నుంచి యూరప్‌కు పోయే దారి ఏడెన్ సింధుశాఖ, ఎర్రసముద్రం మీదుగా ఉంటుంది. సోమాలియా సముద్రపు దొంగల భయంతో ఈ ప్రాంతాన్ని నౌకా పరిశ్రమ 'అధిక ప్రమాద ప్రాంతం'గా గుర్తించింది. 2023 జనవరి 1న గానీ ఆ ముద్రను తొలగించలేదు. కాబట్టి లేడీ హాన్ బయలుదేరిన నాటికి అక్కడ సాయుధ కాపలాదారులను, ఆయుధాలను వెంటబెట్టుకుని ప్రయాణించడం మామూలు వ్యవహారం. ఏ రేవులోకైనా తుపాకులతో ప్రవేశిస్తే ఆ దేశ చట్టం అడ్డొస్తుంది గనుక, అంతర్జాతీయ జలాల్లో ఆయుధాలను నిల్వ ఉంచి అద్దెకిచ్చే తేలే ఆయుధాగారాలు కూడా పుట్టుకొచ్చాయి. 2013 అక్టోబరులో తూత్తుకుడి దగ్గర మన కోస్ట్ గార్డ్ ఆపిన 'సీమన్ గార్డ్ ఒహాయో' ఈ కాపలా వ్యాపారంలోని నౌకే. అందులో ఉన్న 35 మందిపై నడిచిన కేసు నాలుగేళ్ల తర్వాత 2017 నవంబరులో మద్రాసు హైకోర్టులో వారి విడుదలతో ముగిసింది. సముద్రం మీద మామూలు సరకైన తుపాకీ, మన ప్రాదేశిక జలాల హద్దయిన 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటి లోపలికి రాగానే ఆయుధ చట్టం కింద కేసవుతుంది. లేడీ హాన్ ఆ గీతను తనంతట తానే దాటింది. కేసు పెట్టడానికి లోపల ఎవరూ లేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 26/11 తర్వాత తీర భద్రత కోసం దేశం తక్కువేమీ చేయలేదు. 2009లో ప్రాదేశిక జలాల భద్రత బాధ్యతను కోస్ట్ గార్డ్‌కు అప్పగించారు. తీరం వెంబడి, దీవుల్లో తొలిదశలో 46 రాడార్ కేంద్రాలు పెట్టారు. వాటి సమాచారమంతా ఒకచోట కలిపి చూసే కేంద్రాన్ని 2014లో గురుగ్రామ్‌లో ప్రారంభించారు. రాష్ట్రాలకు మెరైన్ పోలీస్ స్టేషన్లు వచ్చాయి. అయినా పదహారు మీటర్ల పడవ తప్పించుకుంది. దీనికి నాకు కనిపించే కారణాలు ఒకటి కాదు.

పెద్ద ఓడలు తమ పేరు, స్థానం, వేగం ఎప్పటికప్పుడు రేడియోలో ప్రకటించుకునే ఏఐఎస్ అనే పరికరాన్ని మోస్తాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం విదేశీ ప్రయాణాలు చేసే 300 టన్నులకు పైబడిన నౌకలకు అది తప్పనిసరి. చిన్న విహారనౌకలకు కాదు. ఒకవేళ ఉన్నా, ఇంజిన్ ఆగి బ్యాటరీ అడుగంటాక అది మూగబోతుంది. మిగిలింది రాడార్. అది లోహాన్ని చూసినంత స్పష్టంగా ఫైబర్‌ను, చెక్కను చూడదు; పైగా రుతుపవన కాలంలో లేచే అలలు కూడా రాడార్ తెర మీద చుక్కలుగానే పడతాయి. ఆ చుక్కల గుంపులో, అలలతో పాటే కదిలే చిన్న చుక్కను పట్టుకోవడం తేలిక కాదు. 2025 జూలైలో ఇదే రాయగఢ్ జిల్లా కోర్లయీ తీరం దగ్గర రాడార్‌లో 'అనుమానాస్పద పడవ' కనిపించిందని పెద్ద ఎత్తున గాలించగా, చివరికి అది పాకిస్థాన్ పడవకు చెందిన వల నుంచి తెగి వచ్చిన బోయా (నీటి మీద తేలే గుర్తు) అయి ఉంటుందని తేల్చారు. ఉన్నదాన్ని చూడలేకపోవడం, లేనిదాన్ని చూడటం రెండూ ఒకే పరిమితికి రెండు ముఖాలు.

అంతకంటే ముఖ్యమైన కారణం, సాధారణంగా ఎవరూ ప్రస్తావించనిది, ఇంకొకటుంది. మన తీరంలో అందరికంటే ఎక్కువ చూసే కళ్లు మత్స్యకారులవి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమల్లో ఉంటుంది. ఆ రోజుల్లో మరపడవలు రేవులు దాటవు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పవిత్ నడిసముద్రంలో తేలిన నెలంతా నిషేధకాలమే. లేడీ హాన్ 53 రోజుల్లో మొదటి 36 రోజులు నిషేధంలోనే గడిచాయి. సున్నాపల్లి రథం వచ్చిన మే నెల కూడా తూర్పు తీరంలో నిషేధకాలమే. గాలి వస్తువులను ఒడ్డుకు తోసే కాలమూ, సముద్రం మీద మనవాళ్లెవరూ ఉండని కాలమూ ఇలా కలిసిపోతున్నాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. చేపల సంరక్షణకు నిషేధం కావాలి, వానాకాలంలో చిన్న పడవలకు వేట ప్రమాదం కూడా. కానీ మత్స్యకారులే మన కళ్లు, చెవులు అని ప్రతి సమావేశంలోనూ చెప్పే యంత్రాంగం, ఆ కళ్లు మూసుకునే రెండు నెలలకు వేరే ఏర్పాటేమిటో కూడా చెప్పాలి.

మరో కారణం సమాచారం. పడవను వదిలేసిన సంగతి యజమానికి తెలుసు, కాపాడిన నౌకకు తెలుసు, ఒమాన్‌కు తెలుసు. ఆగస్టు 18 ఉదయం హరిహరేశ్వర్ ఒడ్డున నిలబడ్డ పోలీసులకు మాత్రం తెలియదు. కొట్టుకుపోతున్న నౌకల గురించి నావికులను హెచ్చరించడానికి ప్రపంచ సముద్రాలను 21 ప్రాంతాలుగా విభజించారు. వాటిలో ఎనిమిదో ప్రాంతానికి డెహ్రాడూన్‌లోని మన జాతీయ జలమాపక కార్యాలయం, ఒమాన్ తీరం ఉండే తొమ్మిదో ప్రాంతానికి పాకిస్థాన్ సమన్వయకర్తలు. ఈ హెచ్చరికలు ఓడ నడిపేవారు దాన్ని గుద్దకుండా ఉండటానికి ఉద్దేశించినవి. ఏడు వారాల తర్వాత ఆ వస్తువు ఏ ఊరి ఒడ్డుకు చేరుతుందో ఆ ఊరి స్టేషన్‌కు చెప్పడం వాటి పని కాదు. మరి ఎవరి పని?

చెప్పగల సాధనం మన దగ్గరే ఉంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, 2016 నుంచి 'సరాట్' అనే సేవను నడుపుతోంది. గల్లంతైన వస్తువు చివరిసారి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో చెప్పి, అది మనిషా, తెప్పా, పడవా అన్నది సుమారు 60 రకాల్లోంచి ఎంచుకుంటే, గాలులు, ప్రవాహాల అంచనాలతో అనేక దారులు లెక్కగట్టి, ఎక్కడ వెతికితే దొరికే అవకాశం ఎక్కువో మ్యాప్ మీద చూపిస్తుంది. వేటకు వెళ్లి తిరిగిరానివారిని వెతకడానికి చేసిన ఏర్పాటు ఇది. వదిలేసిన పడవకు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. ఏడు వారాల ముందుగా కచ్చితమైన చోటు ఏ నమూనా చెప్పలేదు, అంత దూరానికి అంచనా చెదిరిపోతుంది. కానీ ఏ రాష్ట్ర తీరాన్ని కనిపెట్టుకుని ఉండాలో చెప్పడానికి, వారం వారం దాన్ని సరిచూసుకోవడానికి ఆ మాత్రం చాలు. అందుకు కావలసింది పడవను వదిలేసిన చోటు, వేళ. అవి అందించే బాధ్యత ఒకరికంటూ అప్పగించి ఉండాలి.

ఎవరిదో తెలియని పడవ దొరికితే దర్యాప్తు ఎక్కడ మొదలవుతుందో కూడా చూద్దాం. మన వేట పడవలకు ముక్కు దగ్గర రెండువైపులా 'ఐఎన్‌డి', ఆ తర్వాత రాష్ట్రం గుర్తు, రేవు గుర్తు, సంఖ్య రాసి ఉంటాయి. విదేశీ విహారనౌకల వెనుక భాగంలో తయారీదారు చెక్కిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. రేడియో పరికరంలో నమోదయ్యే తొమ్మిది అంకెల సంఖ్యలో మొదటి మూడు దేశాన్ని చెబుతాయి. భారత్‌కు 419, పాకిస్థాన్‌కు 463. ఇవన్నీ చెరిపేసినా, నీటి అడుగు భాగానికి అంటుకునే బార్నకిల్ గుల్లల పరిమాణాన్ని బట్టి అది ఎంతకాలంగా తేలుతోందో అంచనా వేయవచ్చు. 2015లో రీయూనియన్ దీవికి కొట్టుకొచ్చిన మలేసియా విమానపు రెక్క భాగం మీద కూడా శాస్త్రవేత్తలు ఈ గుల్లలనే పరిశీలించారు. ఇక 'దొరికినవాడిదే సొత్తు' అన్న నమ్మకం సముద్రానికి వర్తించదు. లేడీ హాన్ వచ్చిన నాటికి అమల్లో ఉన్న 1958 నాటి వాణిజ్య నౌకల చట్టం ప్రకారం ఇలా దొరికినదాన్ని ప్రభుత్వం నియమించిన అధికారికి తెలియజేయాలి. యజమానికి హక్కు నిరూపించుకోవడానికి ఏడాది గడువుండేది.

ఇదంతా చూశాక 26/11 పడవను మళ్లీ తలచుకోవాలి. ఉగ్రవాదులు వచ్చిన 'కుబేర్' పోరుబందరుకు చెందిన మన వేట పడవే. దాన్ని నడిసముద్రంలో చేజిక్కించుకుని, మన నీళ్లలో మన రిజిస్ట్రేషన్‌తోనే ముంబై దాకా తెచ్చారు. దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అందులో వింతేమీ లేదు. కొలాబా మచ్ఛీమార్ నగర్ దగ్గర రబ్బరు పడవ దిగినవాళ్లను ఆపి ఎవరు మీరని అడిగింది రాడార్ కాదు, అక్కడి జాలరులు. వాళ్లకు దురుసు సమాధానం వచ్చింది, ఆ సంగతి వెళ్లవలసిన చోటికి వెళ్లవలసిన వేళకు వెళ్లలేదు. ఖాళీగా తేలివచ్చి, తుపాకులు ఎదురుగా పెట్టుకుని, పగటిపూట ఒడ్డున ఆగే పడవ మనల్ని ఎంత భయపెట్టినా, దాడికి వచ్చేవాడు అలా రాడు. మనలా కనిపించే పడవలోనే వస్తాడు.

అనుమానం అటువైపు నుంచి కూడా ఉంటుంది. గుజరాత్‌లోని వెరావల్ పడవల మీద కూలికి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్థాన్ పట్టుకుంది. వారిలో ఇరవై మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. నీటి మీద గీత కనపడదు, గాలికి అసలే కనపడదు.

మన తీరంలో ఇలాంటి పడవ ఎదురైతే చేయవలసింది కొద్దిపాటే. ఎక్కి చూడకూడదు, తాడు కట్టి లాగకూడదు. లోపల ఏముందో, ఇంధనం ఆవిరి నిండి ఉందో తెలియదు. జీపీఎస్‌లో చోటు, వేళ నమోదు చేసుకుని, పేరు, నంబరు కనిపిస్తే రాసుకుని, కోస్ట్ గార్డ్ 1554కో మెరైన్ పోలీసుల 1093కో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ తీరం పాత లెక్కలో 974 కిలోమీటర్లు, ఇటీవలి లెక్కలో 1,053. తీరం పెరగలేదు, కొలబద్ద సన్నబడింది. ఏ లెక్కన చూసినా అంత పొడవునా పోలీసు నిలబడలేడు, పడవలవాడే చూడాలి. ఫోన్ చేసినవాణ్ణి సాక్షిగా స్టేషన్ చుట్టూ తిప్పితే, వేట మానుకుని పోలీసు పడవ కోసం కాచుక్కూర్చున్న రోజు కూలి, డీజిల్ ఖర్చు అతని నెత్తినే పడితే, రెండోసారి అలాంటిది కనిపించినప్పుడు అతను తలతిప్పుకుని పోతాడు. తీర భద్రత మీద పెట్టే ఖర్చులో ఆ డీజిల్‌కు కూడా ఒక పద్దు ఉండాలి.